రంగునకు మందము

గత వేసవి సెలవులయందు, వెంగళరావు నగర్‌లోని మా ఇంటి మూడవ అంతస్తు వసారాలో కూర్చుండి, మనుమనికి కానుకగా నీయవలెనను సంకల్పముతో 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకపై తెలంగాణ పటమును గీచి, దాని 33 జిల్లాలను 33 ముక్కలుగా కంసాలి రంపముతో కోసి, పడమట సంగారెడ్డి మొదలుకొని తూర్పున భద్రాద్రి కొత్తగూడెము వరకు అన్నియు చట్రములో తమ తమ చోట్ల సుఖముగా ఇమిడియుండుట కన్నులార చూచుకొని, పిమ్మట ఒక్కొక్క ముక్కకు అన్నివైపుల ప్రైమరు ఒకసారియు ఎనామిల్ పెయింటు రెండుసార్లును పూసి ఆరబెట్టి, నాలుగవనాడు మరల అమర్చబోగా, సగము ముక్కలు కూర్చునప్పటికే చట్రము నిండిపోయినది. తక్కిన జిల్లాలు బల్లమీదనే మిగిలిపోయినవి.

ఫిల్మ్ నగర్ స్టూడియోలలో సినిమా సెట్టింగులకు రంగులు వేయు మేస్త్రి యొకడు మా క్రింది వాటాలో కాపురమున్నాడు. నా అవస్థ చూచి ఒక ముక్కను చేతిలోకి తీసికొని, బొటనవ్రేలితో అంచును రాచి, "మాస్టారూ, మీరు రంగు వేయలేదు, లప్పం పెట్టారు" అన్నాడు. భౌతికశాస్త్రము బోధించి పదవీ విరమణము చేసినవాడను గనుక ఆ మాట నాకు కొంచెము గ్రుచ్చుకొన్నది. పాత పెట్టెలోనుండి స్క్రూగేజి తీసి, కోయగా మిగిలిన పూయని పలకతుంటనొకదానిని, పూసిన ముక్కనొకదానిని కొలిచి చూచితిని. తేడా 30 విభాగములు, అనగా 0.30 మిల్లీమీటరు. ఒక్కొక్క ముఖముపై 0.15, అనగా నా చేతివాటమున పూత ఒకటికి 50 మైక్రానుల చొప్పున పేరుకొన్నదన్నమాట. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. పూత వెంట్రుకకన్న పలుచనే. ఐనను లెక్క చూడుడు. సంగారెడ్డి, మెదక్, సిద్దిపేట, జనగామ, వరంగల్, మహబూబాబాద్, భద్రాద్రి కొత్తగూడెము అను ఏడు ముక్కలు వరుసగా నిలిచినచో వాని మధ్య ఆరు కూడళ్లు, పండ్రెండు అంచులు, చట్రమును తాకు వెలుపలి అంచులు రెండు, మొత్తము పదునాలుగు. పదునాలుగు అంచులపై 0.15 చొప్పున 2.1 మిల్లీమీటర్లు. రంపపు బ్లేడు ఒక్కొక్క కోతకు తినివేసినది పావు మిల్లీమీటరు గనుక ఆరు కోతలకు దొరికిన ఖాళీ 1.5 మిల్లీమీటర్లు మాత్రమే. మిగిలిన 0.6 మిల్లీమీటరునకు లోకములో ఎక్కడను చోటు లేదు.

మన వైశేషికులు రూపమును గుణములలో చేర్చిరి. తెలుపు, నలుపు, పసుపు మొదలగునవి ద్రవ్యమును ఆశ్రయించియుండునే గాని తాము ద్రవ్యములు కావని వారి నిర్ణయము. కంటికి కనబడు రంగు విషయమున అది ఒప్పుకొనదగినదే కాని, డబ్బాలోని రంగు విషయమున కాదు. డబ్బాలోనిది ముమ్మాటికి ద్రవ్యము: దానికి బరువు కలదు, మందము కలదు, నీటినో నూనెనో వెంటబెట్టుకొని వచ్చు స్వభావము కలదు. గోడకు పూసినప్పుడు ఈ సంగతి ఎవరికిని పట్టదు; గోడ మరియొక గోడలో ఇమడవలసిన పని లేదు గదా. చిత్రకారునికి పటముపై రంగు ఎంత దట్టముగా నున్న నంత శోభ. కాని ఒకదానితో నొకటి ఒరయుచు ఒదగవలసిన చిన్న కొయ్యముక్కలకు రంగు వేయువాడు చిత్రకారుడును కావలెను, కొలతలు తెలిసిన వడ్రంగియును కావలెను.

మొట్టమొదట రంగులలో రెండు జాతులున్నవని గుర్తింపవలెను. ఒకటి కరగునది, రెండవది కరగనిది. నూలును అద్దు నీలి, మంజిష్ఠ వంటివి అణువులుగా విడివడి నారలోనికి చొరబడును. ఆ అణువుల పరిమాణము మీటరులో నూరుకోట్లవ వంతుకు అటునిటు. ఇవి కొయ్యలో ఇంకునే గాని పైన పేరుకొనవు. కావున వీనికి మందమను మాట వర్తింపదు. గోడ పెయింట్లలోని తెల్లని టైటానియమ్ డయాక్సైడ్, ఎఱ్ఱమన్ను, గోపీచందనము వంటివి పొడులు. వాని రేణువు అణువుకన్న వందల వేల రెట్లు పెద్దది. అవి ఎంత మెత్తగా నూరినను కరగవు. జిగురులో తేలియాడుచు, జిగురు ఆరగా దానితోపాటు పైపొరగా గడ్డకట్టును. మొదటి జాతి కొయ్య ఈనెలను దాచదు, రెండవ జాతి దాచును. పజిల్ ముక్క అంచునకు మొదటిది, ముఖమునకు రెండవది అని ఒక్క వాక్యములో సూత్రము చెప్పివేయవచ్చును గాని, కొయ్య అంత తేలికగా లొంగదు.

ఏలన, కొయ్య అనునది గొట్టముల మోపు. చెట్టు బ్రతికియున్నప్పుడు వేరునుండి ఆకునకు నీరు మోసిన ఆ గొట్టములు, చెట్టు కూలి పలకయైన పిమ్మటను తమ అలవాటు మానవు. ఈనెకు అడ్డముగా కోసిన అంచున అవి నోళ్లు తెరచుకొని యుండును. అక్కడ కుంచె తాకించినచో రంగు చూచుచుండగనే లోపలికి పోవును. ప్లైవుడ్ అంచున ఈ విచిత్రము స్పష్టముగా కనబడును: పొరలను ఒకదానికొకటి అడ్డముగా అతికియుందురు గనుక, ఒక పొర రంగును త్రాగివేసి నల్లబడును, దాని ప్రక్కపొర త్రాగక లేతగా నిలుచును, ఒకే కుంచెతో, ఒకే డబ్బాలోని పచ్చరంగు పూసినను అంచు మాత్రము గళ్ల లుంగీవలె చారలు తీరును. నేను ఆ చారలను చూచి సహింపలేక, అవి మాయునంత దట్టముగా పూసితిని. నా 0.15 మిల్లీమీటరులో హెచ్చు పాలు ఆ అసహనమునదే.

నీటిరంగైనచో ఇంకొక చిక్కు. కొయ్యనార నీటిని పీల్చి ఉబ్బును. కాని అన్ని దిక్కులకు సమముగా ఉబ్బదు. పచ్చి కొయ్య పూర్తిగా ఎండునప్పుడు నిలువున తగ్గునది నూటికి 0.1 లేక 0.2 వంతు మాత్రమే. మానుచుట్టలవెంబడి తగ్గునది నూటికి 6 మొదలు 10 వంతుల వరకు. ఇట్లు ఒక దిక్కున వామనుడును వేరొక దిక్కున త్రివిక్రముడును ఐన పదార్థముపై తడికుంచె రాచినప్పుడు, ఉప్పుకాగితముతో నున్నగా అణచిన నారలు మరల లేచి నిలుచును. ఆరిన పిమ్మట చేయి పెట్టి చూడుడు, రెండునాళ్ల గడ్డమువలె గరగరలాడును. దీనికి విరుగుడు సులభము. రంగునకు ముందే ఉత్త తడిగుడ్డతో ముక్కను తుడిచి, లేవదలచిన నారలను లేవనిచ్చి, ఆరిన తరువాత ఉప్పుకాగితముతో ఒకమారు రాచివేసినచో, తరువాతి పూతకు అంతగా లేవవు. కాలేజీలో ముప్పది ఏండ్లు కేశనాళికత్వము చెప్పితిని గాని, ఈ పని నాకు నేర్పినవాడు మేస్త్రియే.

ఈ నీటిని జయించుటకు మన బొమ్మల కొలువులకు బొమ్మలు చేయు శిల్పులు రెండు వేర్వేరు దారులు త్రొక్కిరి. ఒక దారి కొండపల్లిది, రెండవది ఏటికొప్పాకది.

విజయవాడకు సమీపమునగల కొండపల్లిలో బొమ్మకు వాడునది తెల్ల పొణికి. ఆముదపు కుటుంబమునకు చెందిన చెట్టు. కొయ్య మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. ఉలికి వెన్నవలె లొంగు ఆ గుణమే నీటికిని లొంగును. కావున కొయ్యను ముందుగా సన్నని సెగపై కాచి లోపలి తేమను హరింతురు. అంబారీ ఏనుగునకు తొండము వేరు, కాళ్లు వేరు, అంబారీ వేరు. దేని కది చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతుకుదురు. ఈ ముద్దకు 'మక్కు' అని పేరు. అది ఒకేసారి జిగురును, లప్పమును, కొయ్యకు తమ్ముడును అగును: రంపపుపొట్టు కొయ్యయే గనుక తేమకు కొయ్యతోపాటు ఉబ్బి, కొయ్యతోపాటు తగ్గును, అతుకుచోట బీటలు వారుట అరుదు. అతికిన తరువాత ఆకురాయితో రాచి, పైన తెల్లని సుద్దపూత పూసి, అది ఆరినమీదట మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. ఇచ్చట గమనింపవలసినది క్రమము. కొండపల్లివాడు ముందు అతికి తరువాత రంగు వేయును. అతుకులలో రంగు చొరబడు ప్రసక్తియే లేదు. పజిల్ చేయువాని కీ భాగ్యము లేదు. వాని ముక్కలు జీవితాంతము అతుకక విడివడి, మరల కూడుచుండవలెను.

సుద్దపూతను గురించి ఒక మాట. తడిగా నున్నప్పుడు అది బూడిదవన్నెగా, కొయ్య కనబడునట్లు పలుచగా నుండును. ఆరుచుండగా ఎవరో లోపల దీపము వెలిగించినట్లు తెల్లబడును. ఇంటికి సున్నము వేయుట చూచినవారందరికి ఇట్టి మార్పు పరిచితమే. కారణమేమనగా, ఒక వస్తువు తెల్లగా కనబడుట దాని రేణువులకును వాని నడుమనున్న పదార్థమునకును గల వక్రీభవన గుణకముల తేడాపై ఆధారపడియున్నది. సుద్దకు అది సుమారు 1.6, నీటికి 1.33, గాలికి 1. తడిలో రేణువుల సందులలో నీరుండుటచే తేడా తక్కువ, వెలుతురు చెదరక లోపలికి పోవును; నీరు ఆవిరియై ఆ సందులలో గాలి చేరగానే తేడా పెరిగి వెలుతురు నలుదెసల చెదరి తిరిగివచ్చును. అదే సుద్దను అవిసెనూనెలో కలిపినచో, నూనె గుణకము 1.48, అది ఎన్నటికిని ఆవిరికాదు. పూత మసకగానే నిలిచిపోవును. టైటానియమ్ డయాక్సైడ్ గుణకము 2.7 వరకు ఉండుటచే నూనెలోనైనను తెల్లబడును. అనగా తక్కువ మందములో ఎక్కువ మరుగు కావలెనన్నచో రేణువును మార్చవలెను గాని పూతలను పెంచరాదు. లేత రంగు క్రింద తెల్లని పూత ఒక్కటి పలుచగా నున్నచో పైన పసుపు ఒక్క పూత చాలును. లేనియెడల కొయ్య గోధుమవన్నెను మరుగుపరచుటకు మూడు పూయవలెను.

ఏటికొప్పాక వరాహానది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో నున్నది. అచ్చట కొయ్య అంకుడు కఱ్ఱ, రంగు లక్క. లక్క చెట్టుజిగురు కాదు, ఒక చిన్న కీటకము తన రక్షణకై కొమ్మచుట్టును స్రవించు రాళము. కీటకములు లక్షలుగా మూగుటచే లాక్ష యను పేరు వచ్చినదని చెప్పుదురు. కొయ్యను తరిమెనపై బిగించి తిప్పుచు ఉలితో గుండ్రముగా చెక్కి, నున్నజేసిన తరువాత, రంగు కలిపి కాచి కడ్డీగా సాగదీసిన లక్కను తిరుగుచున్న బొమ్మకు అదిమి పట్టుదురు. రాపిడివలన వేడి పుట్టును. లక్క 75 డిగ్రీల ప్రాంతమున కరగునది గనుక ఆ వేడికే మెత్తబడి కొయ్యకు అంటుకొనును. అటుపై మొగలి ఆకును అదిమినచో, మెత్తని లక్క సమముగా పరచుకొని అద్దమువలె మెఱయును. ఈ పద్ధతిని చూచినప్పుడెల్ల నాకు కలుగు ఆశ్చర్యము ఒక్కటే: ఇందులో నీరు లేదు, నూనె లేదు, ఆవిరియై పోవలసినదేదియు లేదు. కావున నార లేవదు, కొయ్య ఉబ్బదు, ఆరుటకై కాచుకొనియుండవలసిన పని లేదు. తరిమెన ఆగునప్పటికి బొమ్మ సిద్ధము. వేడిని పొయ్యినుండి కాక రాపిడినుండి, అదియు అవసరమైనచోట, అవసరమైనంతసేపు మాత్రమే తీసికొనుట ఏ ప్రయోగశాలయు సిగ్గుపడనక్కరలేని యుక్తి.

ఆ లక్కలో కలుపు రంగులకును ఒక కథ కలదు. కృత్రిమ వర్ణములు వచ్చి పాతవానిని త్రోసివేసిన కాలమున, వృక్షములనుండి తీసిన రంగులను మరల ఏటికొప్పాక లక్కలోనికి తెచ్చుటకు చింతలపాటి వెంకటపతిరాజుగారు పూనుకొనిరి. 2023లో వారికి పద్మశ్రీ లభించినది, అంతకు ముందే 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. పసుపునుండి పచ్చనిది, జాఫ్రా గింజలనుండి నారింజవన్నె, నీలిచెట్టునుండి నీలము. చెప్పుటకు సులభమే కాని, వీనిలో పసుపు, జాఫ్రా వంటివి నూనెలోనో నీటిలోనో విడివడు స్వభావము గల రంగులు. లక్కలో నిలువవలెనన్న అట్టివానిని పటికవంటి లోహలవణములతో కట్టివేసి కరగని పొడిగా మార్చుట ఒక ఉపాయము. అట్టి పొడిని ఐరోపా వర్ణకారులు 'లేక్' అందురు; ఆ మాటకు మూలము మన లాక్షయే. పేరు పర్షియా మీదుగా ఇటలీ చేరి, అచ్చటినుండి లోకమంతయు తిరిగినది.

పసుపును నమ్మి మోసపోయినవారిలో నేనొకడను. నిజామాబాదు ముక్కకు నిజామాబాదు పసుపే పూయవలెనను చాపల్యముతో, సుద్ద దొరకక సున్నపుతేట పూసియుంచిన ముక్కపై పసుపునీరు రాచితిని. క్షణములో ఎఱ్ఱబడినది! పారాణి కలుపుకొను ప్రతి ఇల్లాలికిని తెలిసిన రసాయనమును నేను మరచితిని: క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱనగును. పోనిమ్మని మరియొక ముక్కకు సరిగా పూయగా, వసారా ఎండకు రెండువారములలో వెలిసి పాతకాగితమువలె నైనది. పసుపులోని కర్‌క్యుమిన్ వెలుతురునకు నిలువదు. నీలియు పసుపును కలిపి చేసిన ఆకుపచ్చ కొన్నాళ్లకు నీలముగా మారుటకు కారణము నిదియే. పసుపు పోవును, నీలి నిలుచును.

సరే, లక్కపద్ధతి తిరుగు బొమ్మకు గాని, సంగారెడ్డి జిల్లా ఎట్లు తిరుగును? బల్లపరుపు ముక్కకు తరిమెన పనికిరాదు. ఇచ్చట వడ్రంగుల పాలిష్ అక్కరకు వచ్చును. చపడా అనెడి లక్కరేకులను స్పిరిట్‌లో కరగించి, గుడ్డముద్దతో రాచినచో స్పిరిట్ నిమిషములలో ఎగిరిపోయి లక్క మిగులును. పూత ఒకటికి కొద్ది మైక్రానులే. స్పిరిట్ నీటివలె నారను ఉబ్బింపదు. స్పిరిట్‌లో కరగు రంగుపొడి చిటికెడు కలిపినచో అంచు చారలు కొంత అణగి, మందము మాత్రము పెరుగదు. వేడి టీగ్లాసు పెట్టిన తెల్లని వలయము పడుననుట, వానకాలపు ముసురులో పూసినచో మసకబారుననుట దీని దోషములు. మనుమడు పజిల్‌పై టీ త్రాగడు గనుక మొదటి దోషమును నేను లెక్కచేయలేదు.

ఈలోపల రెండవ ప్రయత్నమునందు నాకు ఇంకొక శాస్త్రము తెలిసివచ్చినది. ప్లైవుడ్‌పై కినుక వహించి, 4 మిల్లీమీటర్ల మామిడిచెక్కతో పటమును మరల కోసితిని. మేస్త్రి సలహా ఇట్లుండెను: "మేము కెమెరా చూసే వైపే పూస్తాం మాస్టారూ. వెనకాల బద్దలూ మేకులూ ఎవడు చూస్తాడు? మీరూ ముందువైపే వేయండి, సగం రంగు మిగులుతుంది." ఆదా చూచి సరేయంటిని. వేసవిలో పొడిగా నున్న గాలిలో ముక్కలన్నియు చక్కగా ఒదిగినవి. శ్రావణమాసము ముసురు పట్టిన వారమునకు తీసి చూడగా, నల్లగొండ, నాగర్‌కర్నూలు వంటి పెద్ద ముక్కలు వేలితో నొక్కిన ఊగుచున్నవి. రంగుముఖము లోనికి గుంటపడి, వెనుకభాగము ఉబికియున్నది. ముందువైపు రంగుపొర తేమను అడ్డగించినది, వెనుకవైపు నిరాటంకముగా పీల్చి ఉబ్బినది. ఒక ముఖము పెరిగి రెండవది పెరుగనిచో పలక వంగక మానదు. సినిమా సెట్టింగు వారముదినములలో విప్పివేయబడునది, దానికి శ్రావణమాసము రాదు. ఈ సంగతి చెప్పగా మేస్త్రి నవ్వి, "అయితే వెనక్కీ పూయండి మాస్టారూ, అంతే కదా" అని తేల్చివేసినాడు. అంతే! ముందు వెనుకల సమానముగా పూయవలెను.

ఇక చిన్న ముక్కల సంగతి. జిల్లాలన్నింటిలో చిన్నది హైదరాబాదు, 217 చదరపు కిలోమీటర్లు. 30 సెంటీమీటర్ల వెడల్పుగల నా పటములో అది పెద్ద చింతగింజ యంత. దానిని వ్రేళ్లతో పట్టుకొని రంగు పూసినచో రంగుకన్న వ్రేలిముద్రలే హెచ్చు. ఈనెపుల్ల కొసకు చుక్క జిగురు పెట్టి ముక్క వీపున అంటించి, పూసినతరువాత పుల్లను ఇసుకడబ్బాలో గ్రుచ్చినచో అన్నివైపుల గాలి తగిలి ఆరును. ఆరినపిమ్మట పుల్లను మెలిపెట్టి ఊడదీయవలెను. ఆ ముక్కపై చార్మినారును గుర్తుచేయునట్లు నాలుగు చుక్కలు పెట్టదలచి, నీరు పలుచగా కలిపిన నల్లరంగుతో పెట్టితిని. ఆరినతరువాత నాలుగును నాలుగు సున్నలైనవి! మధ్య ఖాళీ, అంచున నల్లని వలయము. బల్లపై ఒలికిన కాఫీచుక్క ఆరినప్పుడును ఇట్లే అగును. ఈ నిత్యానుభవమునకు సరియైన కారణమును చికాగో శాస్త్రజ్ఞులు 1997లో 'నేచర్' పత్రికలో వివరించిరి: చుక్క అంచు ఉపరితలమునకు కరచుకొని కదలదు, అంచున నీరు త్వరగా ఆవిరియగును, ఆ లోటు తీర్చుటకు మధ్యనుండి నీరు అంచునకు ప్రవహించుచు రేణువులను కూడ మోసికొనిపోయి అచ్చట కుప్పవేయును. రంగులో తుమ్మజిగురు కొంచెము హెచ్చుగా కలిపి చిక్కబరచినచో ఆ ప్రవాహము మందగించి చుక్క చుక్కగానే నిలుచును.

అంచుమూలల విషయమున తలతన్యత ఇంకొక తంటా పెట్టును. తడిరంగు తన ఉపరితలమును తగ్గించుకొనజూచును గనుక, పదునైన మూలనుండి రెండువైపులకు జారుకొని అక్కడ పలుచబడును. పజిల్‌లో మొదట అరుగునదియు ఆ మూలయే. రంగునకు ముందే ఉప్పుకాగితముతో మూలల పదును చంపినచో పూత అక్కడ నిలుచును.

పసివారి వస్తువు గనుక నోటిసంగతి చెప్పక తీరదు. పసుపువన్నెకు సీసపు క్రోమేటును, ఎఱుపునకు సీసపు సిందూరమును వాడిన కాలము ఎంతో దూరమున లేదు. మన దేశమున గృహాలంకరణ పెయింట్లలో సీసము పదిలక్షల వంతులకు 90 వంతులు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు నుండి అమలునకు వచ్చినది. ఆటవస్తువులకు వేరే పరీక్ష కలదు: పూతను గీకి పొడిచేసి, పలుచని హైడ్రోక్లోరికామ్లములో, శరీరోష్ణమైన 37 డిగ్రీలయందు ఒక గంట కదలించి, ఒక గంట కదలక నుంచి, అందులోనికి దిగిన సీసము, కాడ్మియము, పాదరసము మొదలగువానిని కొలుతురు. అనగా గాజుపాత్రలో ఒక పిల్లవాని కడుపును సృష్టించి, వాడు మ్రింగిన రంగుపెళ్ల ఏమగునో చూతురన్నమాట. ఈ ప్రమాణముల ముద్ర 2021 జనవరి 1 నుండి బొమ్మలకు నిర్బంధమైనది. భౌగోళిక గుర్తింపుగల బొమ్మలు చేయు నమోదైన శిల్పులకు మినహాయింపు నిచ్చిరి. అట్టి మినహాయింపు న్యాయమే కాని, కొనువాడు మాత్రము ఏ రంగు వాడితివని అడుగుట మానరాదు. మొదటి ప్రయత్నములో నేను వాడిన ఎనామిల్ డబ్బా ఎన్నేండ్లనాటిదో దానిపై చీటీ చిరిగిపోవుటచే తెలియలేదు. ఆ 33 ముక్కలను మనుమని చేతికి ఇయ్యకపోవుట, ఇమడకపోవుటవలన కలిగిన మేలు.

కోసి పూయుటయా, పూసి కోయుటయా అను ప్రశ్న మిగిలియున్నది. 1760ల ప్రాంతమున లండనులో జాన్ స్పిల్స్‌బరీ అను చెక్కడపుపనివాడు, పటమును మహోగనీ పలకపై అతికి దేశపు సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలకు భూగోళము నేర్పు సాధనముగా అమ్మినాడు. పజిళ్ల చరిత్ర అక్కడనుండియే మొదలు పెట్టుదురు. అతడు పూసి కోసినవాడు. అంచులకు రంగే లేదు. ఈ క్రమములో ఇముడదను బాధ లేదు, ఐతే రంపపుపండ్లు గట్టిపొరను అంచున పెచ్చులుగా లేపును. ఎనామిల్‌వంటి పెళుసుపూతపై ఇది మరింత హెచ్చు.

మూడవసారి, సంక్రాంతి సెలవులకు ముందు, మరల ప్లైవుడ్‌నే తీసికొని, కోసి, తడిగుడ్డతో తుడిచి, ఆరినపిమ్మట రాచి, మూలల పదును తీసి, అన్నివైపుల లక్కపాలిష్ ఒక్క పూత పట్టించి, ముందు వెనుకల మాత్రమే, సీసము లేదని చీటీగల అక్రిలిక్ రంగును రెండు పలుచని పూతలు పూసి, అంచులను వాని మానమున వాని చారలతోనే వదలివేసితిని. రంగు పైకి ఆరినట్లు కనబడినను అక్రిలిక్ రేణువులు ఒకదానిలో నొకటి లీనమై గట్టిపడుటకు దినములు పట్టును. తొందరపడి పేర్చినచో ముక్కలు ఒండొంటికి అంటుకొనును. వారమురోజులు ఇసుకడబ్బాలోనే ఉంచితిని. స్క్రూగేజితో అంచునుండి అంచునకు కొలిచితిని. లక్కపూత తేడా ఒకటి రెండు విభాగములు మించలేదు. చట్రము ఊపినచో ముక్కలు గలగలమన్నవి.

భోగినాడు మనుమడు వచ్చి, జిల్లాలను ఒక్కొక్కటిగా వెలికి తీసి, ముద్దుపెట్టి, నోట పెట్టి, చూచి, హైదరాబాదు దగ్గర ఆగిపోయినాడు. చింతగింజంత ముక్కను లాగుటకు గోరు పట్టదు. నేను వంగి ఉపాయము చెప్పబోవునంతలో వాడు చట్రము నెత్తి బోర్లించినాడు.